పట్టా కాగితం కంటే ముందు గెడ్డ దారి చూడండి



పోస్ట్ పెద్దగా ఉంది, తెలుసు. సిగ్నల్ ఉన్నచోట కూర్చుని ఓపిగ్గా చదవండి. వచ్చే నెల మా ఊళ్లో గ్రామసభ ఉంది. అందులో మేము ఏం మాట్లాడాలనుకుంటున్నామో ముందుగా ఇక్కడ, మనవాళ్ల మధ్య పెడుతున్నాం. తప్పుంటే చెప్పండి. మీ ఊళ్లో కూడా ఇదే జరుగుతుంటే మాకంటే ముందే మేల్కోండి.

మేము పాడేరు ఏజెన్సీలో ఒకే ఊరి నుంచి డిగ్రీకి వచ్చి హాస్టల్లో ఉంటున్న నలుగురం. ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు. ఏదో ఒక ఆఫీసునో, ఒక సార్‌నో వేలెత్తి చూపించాలని రాయడం లేదు, ఎందుకంటే ఈ కథలో మొదటి తప్పు మాదే.

మూడేళ్ల కిందట మా ఊరికి ఇళ్ల కాలనీ వచ్చింది. 38 ఇళ్లు. స్థలం చూడ్డానికి సర్వే వాళ్లు ఏప్రిల్లో వచ్చారు. ఊరికి దిగువన, రోడ్డుకి ఆనుకుని, గెడ్డ పక్కన ఒక చదునైన జాగా ఉంది. ఎవరి పట్టాలోనూ లేదు. ఎండాకాలం కాబట్టి పైన గడ్డి ఎండిపోయి ఆటస్థలంలా కనిపించింది. సున్నం గీతలు గీసి, రాళ్లు పాతి, నంబర్లు వేసేశారు. ఒక్క రోజులో అయిపోయింది.

అప్పుడు మా ఊరి పెద్దతాత ఒకాయన కర్ర పట్టుకుని అక్కడికి వచ్చి, "అక్కడ ఊట ఉందిరా బాబూ. ఆగస్టులో కాలెడితే దిగబడిపోద్ది. గేదెలే దిగవు, మీరు ఇళ్లు కడతారా?" అన్నాడు. సర్వే వాళ్లు మా వైపు చూశారు. మేమప్పుడు ఇంటర్ చదువుతున్నాం. ఊళ్లో చదవడం, రాయడం బాగా వచ్చినవాళ్లం మేమే. మేము తాతనే సముదాయించాం. "తాతా, ఇప్పుడు వద్దంటే ఇళ్లు వెనక్కి పోతాయి. మళ్లీ ఎప్పుడొస్తాయో" అన్నాం. తీర్మానం కాగితం మా చేతులతోనే రాశాం. వేలిముద్రలు మేమే వేయించాం. మా మీద నమ్మకంతో వేశారు.

తర్వాత జేసీబీ వచ్చింది. గట్టు మీద ఏరుమద్ది చెట్లు, మొగలి పొదలు తీసేసింది. ఊటనేల మీద ట్రాక్టర్లతో గ్రావెల్ పోసి చదును చేశారు. లోపలికి రోడ్డు కోసం గెడ్డకి అడ్డంగా కట్ట వేసి, దాని కింద రెండు సిమెంటు తూరలు పెట్టారు. మనిషి నడుం కంటే సన్నం. బేస్‌మెంట్లు లేచాయి.

జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. కొండ మీద నుంచి కొమ్మలు, ఆకులు కొట్టుకొచ్చి తూరలు మూసుకుపోయాయి. నీళ్లు కట్ట ఎక్కి సరిగ్గా రెండో వీధిలోంచి పోయాయి, వాటి పాత దారి అదే. గ్రావెల్ కొట్టుకుపోయి కింద ఉన్న మూడు కుటుంబాల వరిమళ్లలో పడింది. తవ్విన మరుగుదొడ్డి గుంతల్లో అడుగునుంచే నీళ్లు ఊరి పైకి వచ్చేశాయి. మా అమ్మలు నీళ్లు తోడుకునే చెలమ ఎర్రగా మారింది. ఎవరూ చనిపోలేదు. అందుకే పేపర్లో రాలేదు. ఇవాళ్టికి 38లో 11 ఇళ్లలోనే మనుషులు ఉన్నారు. మిగతావి బేస్‌మెంట్ దగ్గర ఆగాయి, కొన్నిట్లో మేకల్ని కడుతున్నారు.

ఇప్పుడు రెండో విడత అంటున్నారు. ఇంకో 24 ఇళ్లు. స్థలం ఎక్కడంటే, అదే ఊటనేలలో మిగిలిన ఎగువ సగం. ఈ పోస్ట్ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఎప్పుడూ ఆ నేలే ఎందుకు దొరుకుతుంది?

మేము దీని గురించి చాలా రాత్రులు హాస్టల్లో మాట్లాడుకున్నాం. ఎవరో కావాలని చేశారు అనుకుంటే సులువు. కానీ అలా అనిపించడం లేదు. కారణాలు చాలా మామూలివి. గెడ్డ పక్క పల్లం ఎవరి పేరు మీదా ఉండదు, కాబట్టి పరిహారం ఇవ్వక్కర్లేదు. చదునుగా ఉంటుంది, కాబట్టి ప్లాట్లు నిలువుగా అడ్డంగా గీయడం సులువు. రోడ్డు దగ్గర. సర్వే జరిగేది ఎండల్లో. ఇంకా ముఖ్యమైంది, కాగితం మీద మ్యాపులో పెద్ద వాగు గీత ఉంటుంది గానీ, మన చిన్న గెడ్డలు, ఊటలు, వానాకాలంలో మాత్రమే పారే పాయలు ఉండవు. మ్యాపులో లేనిది సర్వేయర్‌కి కనిపించదు. తాతకి కనిపిస్తుంది, కానీ తాతని ఎవరూ అడగరు. అడగని తాత తనే వచ్చి చెప్తే మాలాంటివాళ్లం ఆపాం.

ఊటనేల ఖాళీ నేల కాదు

బయటివాళ్లకి అది పనికిరాని బురద. మనకి అదేంటో లెక్క వేసి చూద్దాం. ఒక ఎకరం నేల మీద ఒక అడుగు లోతు నీళ్లు నిలబడితే అవి దాదాపు 12 లక్షల లీటర్లు. మా ఊరి దిగువన రెండెకరాల పల్లం ఉందనుకుంటే, పెద్ద వానకి అది సుమారు 24 లక్షల లీటర్లు పట్టుకుని, నిదానంగా నేలలోకి, గెడ్డలోకి వదులుతుంది. దాని మీద గ్రావెల్ పోస్తే ఆ నీళ్లు మాయమైపోవు కదా. ఒకేసారి కిందికి పోతాయి. కింద ఉన్న ఊరికి వరద అవుతాయి. మనకి మాత్రం సంక్రాంతి దాటేసరికి గెడ్డ ఎండిపోతుంది.

ఇంటి కప్పు కూడా అంతే. పథకం కింద కట్టే ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే ఒక్క కప్పు మీద 2,500 లీటర్లు. 24 ఇళ్లకి 60,000 లీటర్లు. ఇంతకుముందు ఆ వాన గడ్డిలో ఇంకేది. ఇప్పుడు సిమెంట్ మీద జారి నేరుగా గెడ్డలో పడుతుంది. దానికి వీధి రోడ్డు మీద పడే వాన కలపండి.

ఇవి కాక అక్కడ మనకి పొన్నగంటి కూర ఉంది, పీతలు ఉన్నాయి, నత్తలు ఉన్నాయి. ఎండాకాలంలో పశువులకి పచ్చగడ్డి ఉండేది అక్కడే. ఏరుమద్ది, మొగలి వేళ్లు గట్టుని పట్టి ఉంచుతాయి. వాటిని తీసేసిన సంవత్సరమే మా గెడ్డ గట్టు రెండు చోట్ల కోసుకుపోయింది.

మరుగుదొడ్డి సంగతి విడిగా చెప్పాలి. ఇంటితో పాటు ఇచ్చేది రెండు గుంతల మరుగుదొడ్డి. నీళ్లు నేలలోకి ఇంకి, మిగిలింది ఎండి ఎరువు కావాలి, అదీ దాని పద్ధతి. ఇంకాలంటే గుంత అడుగుకీ భూగర్భ నీటికీ మధ్య ఎడం ఉండాలి. ఊటనేలలో ఆ ఎడమే లేదు. గుంత, చెలమ ఒకే నీళ్లు పంచుకుంటాయి. వానాకాలంలో మన ఊళ్లలో విరేచనాలు ఎందుకొస్తాయో మెడికల్ క్యాంపు వాళ్లని అడగక్కర్లేదు.

కింద మైదానంలో ఏం జరిగింది

ఇది మన ఒక్కరి కష్టం అనుకోవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. టీవీలో మనమంతా చూశాం. బుడమేరు కొత్తగా పుట్టిన ఏరు కాదు. దాని దారిలోకి, దాని పల్లంలోకి ఇళ్లు వెళ్లాయి. అదే నెలలో మన గూడెంకొత్తవీధి మండలంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి. అంతకుముందు జూలై 30న కేరళ వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లకి ఏమైందో తెలుసు. కొండ పైనుంచి బురద, బండలు ఏటి దారి పట్టుకుని వచ్చాయి. ఏటి ఒడ్డున ఉన్న ఇళ్లు మొత్తం పోయాయి. అక్కడి కొండలు వేరు, వాన వేరు, నిజమే. కానీ కొండ వాలు కింద ఏటి ఒడ్డున వరసగా ఇళ్లు ఉండటం మనకి కూడా ఉంది.

పట్టణాలకి దీనిమీద రూల్స్ ఉన్నాయి. 2012 నాటి పాత బిల్డింగ్ రూల్స్, జీవో 168, చదివాం. నది పక్కన పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలాలని వాటిలో ఉండేది. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకి, కుంటలకి 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పున్న వాగుకి 9 మీటర్లు. అంతకంటే చిన్న వాగుకి? 2 మీటర్లు. మా గెడ్డ వెడల్పు మామూలు రోజుల్లో మూడు నాలుగు మీటర్లే. అంటే ఆ లెక్క మా ఊరికి తెచ్చి పెట్టినా గెడ్డకి దక్కేది మనిషి పొడవు కంటే కాస్త ఎక్కువ జాగా. జూలైలో అదే గెడ్డ 20 మీటర్లు పారుతుంది. 2017లో వచ్చిన చిత్తడి నేలల రూల్స్ ఉన్నాయి గానీ, అవి రామ్‌సర్ జాబితాలో ఉన్నవాటికి, ప్రభుత్వం నోటిఫై చేసినవాటికి వర్తిస్తాయి. మా ఊరి రెండెకరాల ఊటనేలని ఎవరు నోటిఫై చేస్తారు?

అందుకే మా మాట ఏంటంటే, పై నుంచి వచ్చే రూల్ మన చిన్న గెడ్డని కాపాడదు. కాపాడగలిగేది గ్రామసభ. ఆ బలం మనకి ఇప్పటికే ఉంది. 1996 పీసా చట్టంలో సెక్షన్ 4(ఇ) ప్రకారం ఊరి అభివృద్ధి పనుల ప్లాన్‌ని, అమలుకి ముందే, గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారుల్ని గుర్తించేది కూడా గ్రామసభే. 4(జె) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్లానింగ్, నిర్వహణ పంచాయతీలవి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 నీటి వనరుల్ని, వాటి పరివాహక ప్రాంతాల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. మనం 1/70 గురించి ర్యాలీల్లో గట్టిగా మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. భూమి చేయి మారకుండా కాపాడుకుంటున్నాం. అదే భూమి మీద నీళ్లు మన పేరుతోనే, మన తీర్మానంతోనే పోతుంటే మాత్రం సంతకం పెట్టేస్తున్నాం.

మరి ఇల్లు వద్దా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మా ఇంట్లోనే వచ్చింది. వానకి కారే రేకుల ఇంట్లో ఉన్న అమ్మకి "గెడ్డ కోసం ఆగు" అని చెప్పే ధైర్యం మాకు లేదు. ఇళ్లు కావాలి. పీఎం జన్‌మన్ కింద పీవీటీజీ కుటుంబాలకి ఇంటికి 2.39 లక్షలు పెట్టారు, ధర్తీ ఆబా పథకం కింద ఇంకా ఇళ్లు వస్తాయంటున్నారు. రావాలి. మన తాతల తరానికి రానివి మన తరానికి వస్తున్నాయి, ఒక్కటి కూడా వెనక్కి పోకూడదు.

కానీ బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయిన 27 ఇళ్లు వచ్చినట్టా, పోయినట్టా? ఆ డబ్బు ఖర్చయింది, ఆ కుటుంబాల పేర్లు "ఇల్లు మంజూరు" లిస్టులో ఉన్నాయి. మళ్లీ అడగడానికి లేదు. గెడ్డని చూసుకోకపోతే పోయేది ఇల్లే. ఊటనేల వదలమంటున్నది అందుకే.

"వేరే స్థలం లేదు" అంటారు. మా ఊళ్లో తిరిగి చూశాం. ఊరికి ఎగువన, స్కూల్ వెనక, రాళ్ల మెరక ఉంది. చదును లేదు. వాలు మీద 24 ఇళ్లు ఒకే వరసలో రావు. కానీ ఐదారు ఇళ్లు ఒక మెట్టు, ఇంకో ఐదారు ఇళ్లు ఇంకో మెట్టు, ఇలా కడితే వస్తాయి. మన పాత ఊళ్లు ఎక్కడున్నాయో గమనించండి. నీళ్లకి దగ్గర్లో, కానీ నీళ్ల కంటే ఎత్తులో. ఊరు గట్టు మీద, వరి పల్లంలో, మధ్యలో చెట్లు. ఖర్చు కొంచెం ఎక్కువే, రాయి కట్టుబడి కావాలి. ఆ పని ఉపాధి హామీలో అడగొచ్చు. గ్రావెల్ మళ్లీ మళ్లీ పోసే ఖర్చుతో పోల్చి చూడమని అడుగుదాం.

గ్రామసభలో మేము పెట్టబోయేవి

ఇంజనీరింగ్ చదివే మన సీనియర్ అన్నని, వ్యవసాయం చదివే అక్కని అడిగి, పెద్దలతో కూర్చుని ఇవి రాసుకున్నాం. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు నీళ్ల మ్యాపు, తర్వాత ప్లాట్ల మ్యాపు. సర్వేకి ముందు ఊరి పెద్దలు, నీళ్లు మోసే ఆడవాళ్లు, పశువులు కాసేవాళ్లు స్థలమంతా నడిచి గెడ్డ, పాయ, ఊట, చెలమ, వానకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అన్నీ గుర్తుపెట్టాలి. సర్వేయర్ సార్ వాళ్లతో కలిసి నడవాలి.

2. స్థలాన్ని వానల్లో ఒకసారి చూడకుండా ఖాయం చేయొద్దు. మనకి రెండు గండాలు, జూలై ఆగస్టు ముసురు, అక్టోబర్ తుపాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ మన కొండల్ని ఏం చేసిందో చిన్నప్పుడు చూశాం.

3. మొదటి మాట, ఊటనేలని తప్పించడం. తప్పించలేనిది ఏదైనా ఉంటే, రోడ్డు దాటే చోటులాంటిది, వీలైనంత తక్కువ తాకడం. అప్పటికీ పాడైతే, అంతే జాగాలో గట్లు వేసి, చెట్లు పెట్టి బాగుచేయడం. ఈ వరస తలకిందులు కాకూడదు. "ముందు పూడ్చేద్దాం, తర్వాత మొక్కలు నాటుదాం" అంటే ఒప్పుకోవద్దు.

4. వదలాల్సిన జాగాని గెడ్డ ఎండాకాలం గట్టు నుంచి కొలవొద్దు. ఊరికి గుర్తున్న పెద్ద వరద గీత నుంచి కొలవాలి. అక్కడినుంచి కనీసం 15 మీటర్లు అడుగుతున్నాం. ఆ జాగాలో ఉన్న చెట్టు, పొద అలాగే ఉండాలి. పశువులు మేయొచ్చు, కూర కోసుకోవచ్చు, కట్టడం మాత్రం ఉండదు.

5. గెడ్డని ఒక్కచోటే దాటాలి, అదీ ఇరుకైన చోట, అడ్డంగా నేరుగా. తూరలు వద్దు. కొమ్మ కొట్టుకొచ్చినా ఇరుక్కోకుండా పోయేంత వెడల్పుతో స్లాబు కల్వర్టు కావాలి. అడుగున గెడ్డ ఇసుక అలాగే ఉంటే చేప కూడా ఎగువకి పోతుంది.

6. వీధులు వాలుకి అడ్డంగా వెళ్లాలి. వాలు వెంబడి నిలువుగా వేస్తే వానకి వీధే గెడ్డ అవుతుంది.

7. మట్టి పనులు వానలకి ముందే ముగియాలి. ఒకేసారి స్థలమంతా గీకేయొద్దు. ఈ విడతలో కట్టే ఇళ్ల దగ్గరే తవ్వాలి. ఇసుక, సిమెంట్, గ్రావెల్ కుప్పలు గెడ్డకి దూరంగా పోయాలి.

8. మురుగు కాలువని నేరుగా గెడ్డలోకి కలపొద్దు. ఇంటింటికీ ఇంకుడు గుంత, మిగిలింది గడ్డి పెరిగిన వెడల్పు కాలువలోంచి పోవాలి. మరుగుదొడ్డి గుంతలు చెలమకి, ఊటబావికి ఎగువన ఉండకూడదు.

9. గ్రావిటీ స్కీమ్ నీళ్లు వచ్చే ఊట ఎగువన ఇల్లు గానీ, రోడ్డు గానీ, క్వారీ గానీ వద్దని విడిగా తీర్మానం.

10. మొదటి విడతలో ఆగిపోయిన 27 కుటుంబాలకి మెరక మీద స్థలం మార్చి, మళ్లీ మంజూరు ఇవ్వాలి. ఇది మా తప్పు కూడా కాబట్టి, ఈ తీర్మానం మేమే రాస్తాం, వాళ్లకి చదివి వినిపించాకే వేలిముద్ర అడుగుతాం.

మనవైపు మాట కూడా

గెడ్డని ఆఫీసు వాళ్లే పాడుచేశారు అంటే అబద్ధం. ట్రాక్టర్లు, బైకులు కడుగుతున్నది మన కుర్రాళ్లే. సబ్బు సాచెట్లు, గుట్కా కవర్లు, బీరు సీసాలు మనవే. పురుగుమందు కలిపి చేపలు పట్టినవాళ్లు కూడా మన ఊరివాళ్లే, ఒకసారి మేము నవ్వుకుంటూ చూశాం కూడా. రేపు సభలో మేము లేచి మాట్లాడితే "నువ్వేం చేశావురా" అని ఎవరైనా అడుగుతారు. అడగనివ్వండి. అందుకే సభకి ముందు రెండు ఆదివారాలు ఊరికి వెళ్లి, చెలమ చుట్టూ శుభ్రం చేసి, మూసుకుపోయిన తూరలు తీయాలని అనుకున్నాం.

మీరు చేయగలిగింది

ఈ వానల్లో మీ ఊరికి వెళ్లినప్పుడు ఫోన్ తీయండి. రీల్ తర్వాత తీద్దురు. ముందు గెడ్డ ఎక్కడిదాకా వచ్చిందో, కాలనీ స్థలం ఎలా ఉందో తేదీ కనిపించేలా ఫొటో తీయండి. పక్కన ఒక పెద్దాయన్నో, పెద్దావిడనో నిలబెట్టి "ఇంతకుముందు ఎక్కడిదాకా వచ్చేది?" అని అడిగి వాళ్ల మాటలోనే, మన భాషలోనే రికార్డు చేయండి. లేఅవుట్ ప్లాన్ కాపీ అడగండి, ఇవ్వకపోతే ఆర్‌టీఐ పెట్టండి. ఫీజు కోసం వెనకాడొద్దు. ఎలా రాయాలో తెలియకపోతే కామెంట్లో అడగండి, మనలో రాసినవాళ్లు చెప్తారు.

మన ఊళ్లలో మొదటగా కాలేజీ గడప ఎక్కినవాళ్లం మనం. ఊరు మన చేతికి పెన్ను ఇచ్చింది. ఒకసారి మేము దాన్ని తొందరపడి వాడాం. పెద్దతాత మా మీద కోప్పడలేదు. మొన్న దసరా సెలవులకి వెళ్తే, "ఈసారి కాగితం మీద ఊటని కూడా రాయండిరా" అన్నాడు. ఈసారి రాస్తున్నాం.

సభ అయ్యాక ఏం జరిగిందో ఇక్కడే రాస్తాం, గెలిచినా ఓడినా.

జై ఆదివాసీ.